పాత బ్యాటరీ ఎటు పోయిందో చెప్పండి

బ్యాటరీ బండ్ల పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు భిలాయి కోహ్కాలో మా ఇంటికి వస్తారు. టీ తాగుతారు. తాగాక అందరూ అడిగేది ఒకటే. "అంకుల్, ఎలక్ట్రిక్ బండి మంచిదా, డీజిల్ బండి మంచిదా?" సగం తెలుగులో, సగం హిందీలో అడుగుతారు. "పాత బ్యాటరీ ఎక్కడికి పోతుందో తెలుసా?" అని నేను ఎదురు అడుగుతాను. తెలియదంటారు. అది తెలియకుండా మంచీ చెడ్డా నేనెలా చెప్పేది?

నా జవాబు ఎవరికీ నచ్చదు. బ్యాటరీ బండ్లు అమ్మేవాళ్ళు నన్ను చూసి, ముసలాయనకి చాదస్తం అంటారు. డీజిల్ బండ్లవాళ్ళు, "చూశారా, ఆశీర్వాదం గారే చెప్పారు" అని నా మాటని ఊరేగిస్తారు. ఇద్దరికీ నేను పనికిరాను. నా అనుభవం నాది. దాన్ని ఎవరి దుకాణం ముందూ బోర్డుగా పెట్టనివ్వను. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

గ్యారేజీ, సేఠ్

మా నాన్న విజయనగరం పక్క పల్లె నుంచి ఉక్కు ప్లాంట్ కడుతున్న రోజుల్లో ఇక్కడికి వచ్చాడు. నాకు ప్లాంట్‌లో ఉద్యోగం రాలేదు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుని, జాముల్ రోడ్డు మీద ఒక రవాణా కంపెనీ గ్యారేజీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. చర్చిలో నేను ఆశీర్వాదాన్ని, గ్యారేజీలో రావు సాబ్‌ని. భిలాయిలో తెలుగువాడై పుడితే చాలు, ఇంటిపేరు ఏదైనా రావు సాబ్ అయిపోతాడు.

మా యజమాని గిర్ధారీ సేఠ్. ఆయన్ని రాక్షసుడిలా చూపించడం నాకు తేలికే, కానీ అబద్ధమవుతుంది. డ్రైవర్ ఇంట్లో చావు జరిగితే ముందు వచ్చేది ఆయన కారే. ఆయన జబ్బల్లా ఒకటే. కంటికి కనిపించని ఖర్చుని ఖర్చు అనడు. ఈ జబ్బు సేఠ్‌లకే కాదు, పెద్ద చదువులు చదివినవాళ్ళకీ ఉంటుందని తర్వాత తెలిసింది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా వచ్చిన రోజుల్లో అందరికీ ఏదో ఒకటి కొత్తగా చెయ్యాలన్న హుషారు ఉండేది. సేఠ్‌కీ వచ్చింది. దుర్గ్ స్టేషన్ నుంచి భిలాయి సెక్టార్లకి మనుషుల్ని తిప్పడానికి బ్యాటరీ టెంపోలు తెప్పించాడు. పెద్ద సైజు ఆటోలనుకోండి. సీట్ల కింద వరసగా సీసం బ్యాటరీలు. గ్యారేజీలో కొబ్బరికాయ కొట్టి, "రావ్ జీ, ధువా నహీ, షోర్ నహీ" అన్నాడు. పొగ లేదు, గోల లేదు. నిజమే, రెండూ లేవు.

ఆ మాట మా ఊళ్ళో ఎందుకంత బాగా చెల్లిందో చెప్పాలి. భిలాయి పొగని చదవడం తెలిసిన ఊరు. వాకిట్లో నిలబడి చిమ్నీ వైపు చూసి, ఎర్రపొగ వస్తే ప్లాంట్ లోపల ఏ విభాగంలో ఏం జరుగుతోందో, పసుపుపొగ వస్తే ఏ బట్టీ తలుపు కారుతోందో మా నాన్న చెప్పేసేవాడు. పొగ ఆగితే భయపడేవాళ్ళం, ఎందుకంటే పొగ ఉంటేనే జీతం, బోనసు. ఇంత పొగ విద్య ఉన్న ఊరికి ఒక్కటి మాత్రం ఎవరూ నేర్పలేదు. కనబడని పొగ కూడా ఉంటుందని.

సేఠ్ లెక్క, నా లెక్క

సేఠ్ లెక్క ఇలా ఉండేది. డీజిల్ ఖర్చు ఒక పక్క, కరెంటు ఖర్చు ఒక పక్క. కరెంటు బాగా చవక. కాబట్టి లాభం. నేను ఒక మాట అన్నాను: "సేఠ్ జీ, బ్యాటరీ అంటే ముందే కొని సీటు కింద పెట్టుకున్న డీజిల్. రోజూ కొంచెం కొంచెం ఖర్చవుతుంది, మీకు కనబడదు. ఒకరోజు ఒక్కసారే అయిపోతుంది." ఆయన నవ్వి నా భుజం తట్టాడు. భుజం తట్టారంటే మన మాట వినలేదని అర్థం. ఈ ఒక్క సంగతి నేర్చుకోవడానికి నాకు సగం ఉద్యోగం పట్టింది.

పొగ సంగతి కూడా పూర్తిగా నిజం కాదు. మన కరెంటు బొగ్గు నుంచి వస్తుంది. దుర్గ్ రోడ్డు మీద పొగ మానిందంటే అది బొగ్గు కరెంటు తయారయ్యే కోర్బాకి ట్రాన్స్‌ఫర్ అయిందన్నమాట. అయినా పూర్తి మోసమూ కాదు. బజారు మధ్యలో, మనుషుల ముక్కు కింద పొగ లేకపోవడం చిన్న విషయం కాదు. మా టెంపో తోలే అప్పల్రాజు ఒకరోజు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది.

అప్పల్రాజుది శ్రీకాకుళం జిల్లా. నన్ను మావయ్యా అని పిలిచేవాడు. భార్య రమణమ్మ, గౌరి అనే చిన్న కూతురు, ఒక పాడిగేదె. జాముల్ దగ్గర నాలా, అంటే మురుగు కాలువ, పక్కన గుడిసెల్లో కాపురం. అంతకుముందు ఏళ్ళ తరబడి డీజిల్ టెంపో తోలి ఛాతీ పాడుచేసుకున్నాడు.

"మావయ్యా, డీజిలు బండి దిగి ఇంటికెల్లినా సెవుల్లో డుగుడుగుమనీది. ఇప్పుడు మా గుంట నాన్నా అని పిలిస్తే ఇనబడతంది. దగ్గు కూడా తగ్గిపోనాది."

ఎలక్ట్రిక్ బండికి నేనిచ్చే సర్టిఫికెట్ ఇదొక్కటే. అది చిన్నదేం కాదు. ఒక మనిషి ఛాతీ, చెవులు వాడికి తిరిగి దక్కాయి.

ప్లాంట్ నీళ్ళు

ఇక్కడివాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటొకటి చెబుతాను. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలని అందరికీ చెప్పాను. కొన్నాళ్ళకి సీసాలు కొనడం ఆగిపోయింది. నీళ్ళు మాత్రం తగ్గడం లేదు. ఆరా తీస్తే, డ్రైవర్ల అన్నదమ్ములూ బావమరుదులూ ప్లాంట్‌లో ఆవిరి పైపుల దగ్గర కారే వేడినీళ్ళు క్యానుల్లో పట్టి తెచ్చిస్తున్నారు. ఆవిరి చల్లారితే వచ్చిన నీళ్ళు కదా, అంతకన్నా శుద్ధమైనవి ఎక్కడుంటాయని వాళ్ళ వాదన. పైగా అవి ప్లాంట్ నీళ్ళు. మా ఊళ్ళో ప్లాంట్ నుంచి వచ్చిందంటే తీర్థం కింద లెక్క. పైపు తుప్పు పట్టకుండా ఆవిరిలో మందులు కలుపుతారు, అవి ప్లేట్లని తినేస్తాయి అని చెబితే, "మీకేటి తెలుసు, మీరు ప్లాంట్‌లో సెయ్యలేదు గదా" అన్నారు. ఆ మాట నన్ను ఎక్కడ పొడవాలో అక్కడే పొడిచింది.

మే నెల ఎండ ఒక పక్క, ఈ నీళ్ళు ఇంకో పక్క. కంపెనీవాడు చెప్పినదాంట్లో సగం కాలం కూడా బ్యాటరీలు నిలవలేదు. నేను చెప్పిన ఆ ఒక్కరోజు వచ్చేసింది. సేఠ్ తల పట్టుకున్నాడు. పాతవి ఎవరెక్కువిస్తే వాళ్ళకి అమ్మి, ఆ డబ్బు కలిపి కొత్తవి కొనాలన్నాడు. ఎక్కువిచ్చేవాడు ఎవడో తొందరగానే దొరికాడు.

నాలా పక్క బట్టీ

ఆ దొరికినవాడు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించి అమ్ముకునేవాడు. పేరు నాకు అక్కర్లేదు. వాడి బట్టీ అప్పల్రాజు గుడిసెకి కూతవేటు దూరం. రాయపూర్ పక్కన లైసెన్సు ఉన్న కార్ఖానా ఉంది, వాళ్ళు తక్కువిస్తారు. ఎందుకు తక్కువంటే, వాళ్ళు పొగ పట్టడానికి గొట్టాలు పెట్టుకోవాలి, యాసిడ్‌కి తొట్లు కట్టుకోవాలి. వీడికి నాలాయే తొట్టి, ఆకాశమే గొట్టం. మరి వీడు ఎక్కువివ్వడా?

ఒకసారి గౌరి పుట్టినరోజని అప్పల్రాజు పిలిస్తే వెళ్ళాను. బట్టీ దగ్గర ఆడవాళ్ళు గొడ్డళ్ళతో మా గ్యారేజీ బ్యాటరీలు బద్దలుకొడుతున్నారు. యాసిడ్ అలాగే నాలాలోకి పోతోంది. ఇనుప మూకుడులో సీసం ఉడుకుతోంది. పైన పల్చటి తెల్లటి పొగ, ఉందా లేదా అన్నట్టు. గాలి అటు నుంచి ఇటే.

"ఇదేంట్రా?" అన్నాను.

"ఏటి మావయ్యా, దీనికే భయపడతావేటి?" అన్నాడు అప్పల్రాజు. "పొగలో పుట్టి పొగలో పెరిగినోళ్ళం. అదీ ఒక పొగేనా? మా అత్త బీడీ కాలిస్తే ఇంతకన్నా ఎక్కువొస్తాది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బ్యాటరీ పని చేసేవాడికి సీసం సంగతి తెలుసు. చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టొద్దని మా గ్యారేజీలో గోడ మీద నేనే రాయించాను. ఇక్కడ పిల్లలు ఆ మట్టిలో ఆడుతున్నారు. తిరిగొచ్చి సేఠ్‌కి చెప్పాను. "మనం అమ్మేశాం, మన పని అయిపోయింది రావ్ జీ" అన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ నా భుజం తట్టాడు.

కొన్ని నెలలకి రమణమ్మ గేదెకి జబ్బు చేసింది. మేత మానేసింది. పళ్ళు కొరికేది. చూపు పోయింది. గోడకి తల ఆనించి అలాగే నిలబడిపోయేది. గాలి సోకిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు అన్నారు. నేను దుర్గ్ నుంచి పశువుల డాక్టర్ని పిలిపించాను. పెద్దాయన, నిదానస్తుడు. గేదెని చూసి, చుట్టూ చూసి, "ఇక్కడ ఎవరైనా బ్యాటరీలు పగలగొడతారా?" అని అడిగాడు. నేను బట్టీ వైపు వేలు చూపించాను. గేదె ఆ వారమే చచ్చిపోయింది.

ఆయన వెళ్ళబోతూ గౌరిని చూశాడు. పిల్ల గుమ్మంలో కడుపు పట్టుకుని కూర్చుంది. ఎన్నాళ్ళుగా కడుపునొప్పని అడిగాడు. చాలా రోజులుగా ఉందంది రమణమ్మ. ఇదివరకు గలగల మాట్లాడేదనీ, ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు మరిచిపోతోందనీ అంది. "నేను పశువుల డాక్టర్ని తల్లీ. కానీ ఈ పిల్ల రక్తం ఆలస్యం చెయ్యకుండా పరీక్ష చేయించు, సీసం ఉందేమో చూడమని చెప్పు" అన్నాడాయన. రక్తం తీసి బయటి ఊరికి పంపాలన్నారు. పంపించారు. రిపోర్టు కోసం ఎదురుచూశాం.

తాళం

సరిగ్గా ఆ రోజుల్లోనే రెండో విడత బ్యాటరీలు చచ్చిపోయాయి. వాటిని షెడ్డులో పెట్టించి తాళం వేశాను. తాళంచెవి నా జేబులో. "ఇవి నాలా పక్కకి పోవు. రాయపూర్ కార్ఖానాకైతేనే తీస్తాను" అని సేఠ్ మొహం మీదే చెప్పాను. ఉద్యోగం పోతుందని తెలుసు. రిటైర్మెంటు దగ్గరలోనే ఉంది, ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులు ఉన్నాయి. అయినా చెప్పాను. అలా చెప్పినందుకు అప్పుడూ ఇప్పుడూ నాకు విచారం లేదు.

సేఠ్ తెలివైనవాడు. నన్ను తిట్టలేదు. "పాతవి అమ్మనిదే కొత్తవి కొనను. అంతవరకు టెంపోలు నిలబడతాయి. మీవాళ్ళకి మీరే జవాబు చెప్పుకోండి" అని ఇంటికెళ్ళిపోయాడు. టెంపోలు నిలబడ్డాయి. డ్రైవర్లకి కూలి లేదు. నిన్నటిదాకా మావయ్యా, భయ్యా అన్నవాళ్ళు నేను కనబడితే మొహం తిప్పుకున్నారు. రావు సాబ్‌వి నెలజీతం నీతులు అని నాకు వినబడేలా అన్నారు. అందులో నిజముంది కాబట్టే మండింది.

కొన్నాళ్ళు గడిచాక మధ్యాహ్నం పూట అప్పల్రాజు సమ్మెట పట్టుకుని వచ్చాడు. వెనక మిగతా డ్రైవర్లు. గొడవ విని సేఠ్ కూడా వచ్చి, కారు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"మావయ్యా, తాళం తియ్యి."

"తియ్యను."

"మా గుంటకి మందులు కొనాల. బండి తిరగకపోతే నానేటి సేసేది? ఆ గేదె సచ్చిపోయింది, పాలూ లేవు. నీకు దండం పెడతాను, తియ్యి."

"ఆ గుంట కోసమేరా తియ్యనిది" అన్నాను. "పగలగొట్టుకుంటే పగలగొట్టుకో. ముందు నన్ను పక్కకి లాగు."

వాడు నన్ను లాగలేదు. సమ్మెట దించనూ లేదు. వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకూ తిరిగాయి. ఆ బ్యాటరీలే వాడికి కూడు పెట్టాయి, ఆ బ్యాటరీలే వాడి పిల్లని తింటున్నాయి. ఆ పూట ఆ షెడ్డు ముందు మా ఇద్దరిలో ఎవడిది తప్పో దేవుడు కూడా చెప్పలేడు.

అప్పుడే రమణమ్మ వచ్చింది. దుర్గ్‌లో రిపోర్టు తీసుకుని, మొగుడు గ్యారేజీలో ఉన్నాడని బస్సు దిగి నేరుగా ఇటే వచ్చింది. గౌరి చంకలో ఉంది, ఎత్తుకునే వయసు దాటిపోయిన పిల్ల. రిపోర్టు ఎవరికీ చూపించలేదు. మొగుడి వైపు చూసి, "సీసమేనంట" అంది. సమ్మెట వాడి చేతిలోంచి జారి నేల మీద పడింది. ఆవిడ సేఠ్ దగ్గరికి నడిచింది. సగం ఛత్తీస్‌గఢీలో, సగం మన భాషలో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"సేఠ్ జీ, తాళం తీయించండి. బ్యాటరీలన్నీ మీ ఇంటికి తోలించండి. మీ మనవలు ఆడుకునే సోట ఆ బట్టీ ఎట్టించండి. మీరు అలాగ సేస్తే మా ఆయన సమ్మెట నానే మోసుకొస్తాను."

సేఠ్ నా వైపు తిరిగి, "రాయపూర్‌వాడు తక్కువిస్తాడు. ఆ నష్టం ఎవరు భరిస్తారు?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఈ గుంట భరించింది. ఇకనుంచి మీరు భరించండి" అన్నాను.

ఆ సాయంత్రమే రాయపూర్ నుంచి లారీ వచ్చింది. నా చేతులతో తాళం తీశాను. సేఠ్ ఆ తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు, ఆ ఏడు నాకు ఇంక్రిమెంటు ఇవ్వలేదు. కానీ ఆ గ్యారేజీ నుంచి ఒక్క బ్యాటరీ కూడా మళ్ళీ నాలా పక్కకి పోలేదు.

గెలిచామా?

ఇక్కడ ఆపేస్తే కథ బాగుంటుంది. నేను ఆపను. అప్పల్రాజు కుటుంబాన్ని మా పెరటి గదిలోకి తెచ్చి పెట్టుకున్నాం. మందులు వాడాక గౌరి కడుపునొప్పి తగ్గింది, ఒళ్ళు చేసింది. నేనూ రమణమ్మా బట్టీ మీద అర్జీలు పెట్టి దుర్గ్‌లో ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఎన్నాళ్ళకో ఇద్దరు మనుషులొచ్చారు. చుట్టూ చూసి, "పొగ ఏదీ?" అన్నారు. చిమ్నీ లేదు, నల్లపొగ లేదు, కాబట్టి కాలుష్యం లేదట. ఆ తర్వాత మా అర్జీల పోరు పడలేక ఆ బట్టీవాడు నాలా దాటి ఇంకో ఊరికి మారిపోయాడు. ఆ ఊళ్ళో ఎవరి గేదె చచ్చిందో నాకు తెలీదు. నేను వాణ్ణి ఆపలేదు, జరిపాను. దీన్ని గెలుపని ఎవరైనా అంటే ఒప్పుకోను.

గౌరికి ఎక్కాలు రాలేదు. ఎన్ని ఏళ్ళు కూర్చోబెట్టినా అంకెలు ఆ పిల్ల బుర్రలో నిలవలేదు. బళ్ళో టీచరు మొద్దు అంటే రమణమ్మ నేరుగా క్లాసులోకి వెళ్ళింది. "మా గుంట మొద్దు కాదు మేడమ్. దాని బుర్రలోకి సీసం ఎక్కీసింది. మొద్దులు మరెవరో ఉన్నారు" అని అందరి ముందూ చెప్పి వచ్చింది.

కాబట్టి పిల్లలూ, నా తీర్పు వినండి. ఎలక్ట్రిక్ బండి కొనండి. అమ్మండి కూడా. నేనే ఒక బ్యాటరీ స్కూటర్ కొన్నాను, దాని మీదే ఆదివారం చర్చికి వెళ్తున్నాను. కానీ పొగ లేదు కాబట్టి పాపం లేదని నా ముందు అనకండి. బండి ధర చెప్పేటప్పుడు దాని చివరి బ్యాటరీ ఎవరి వాకిట్లో పగులుతుందో కూడా చెప్పండి. చెప్పలేకపోతే మీకు ఆ ధర తెలియనట్టే. డీజిల్ బండ్లవాళ్ళూ, మీరు సంబరపడకండి. అప్పల్రాజు ఛాతీ పాడుచేసింది మీ బండే.

అప్పల్రాజు ఈమధ్య సొంతంగా ఈ-రిక్షా కొనుక్కున్నాడు. మొన్న దాని మొదటి బ్యాటరీలు అయిపోయాయి. వాసన పట్టినట్టు ఒక పాతసామాన్ల మనిషి ఇంటి ముందుకొచ్చాడు. కొత్తవి అమ్మే షాపువాడు పాతవాటికిచ్చే దానికన్నా ఎక్కువిస్తానన్నాడు. అప్పల్రాజు చేతిలో డబ్బు లేదు, ఆ సంగతి నాకు తెలుసు. వాడు తటపటాయిస్తుంటే పాతసామాన్లవాడు ఇంకొంచెం పెంచాడు, మళ్ళీ ఇంకొంచెం. నేను నోరు తెరవబోయాను.

లోపల పెసరపప్పు ఏరుతున్న గౌరి లేచి గుమ్మంలోకి వచ్చింది. ఇప్పుడు పెద్దదైంది. బజారుకి పంపితే చిల్లర ఎంత తిరిగి రావాలో చెప్పలేదు.

"ఇవ్వొద్దు నాన్నా" అంది.

వాడు ఎంతిస్తానన్నాడో ఆ పిల్లకి అర్థం కాలేదు. ఎంతిచ్చినా ఇవ్వకూడదని మాత్రం అర్థమైంది. అప్పల్రాజు తలుపు వేసేశాడు.